కొత్త బండిని ముందు విప్పాలి

ఇక్కడ జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న తెలుగు పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. వాళ్లలో ఇద్దరికి మోటార్‌సైకిల్ రేసుల వైపు ఉద్యోగం చేయాలని ఉంది. "ఆంటీ, మీరు ఇన్నేళ్లూ ఏం పని చేశారు? ఇంజిన్ ట్యూనింగా?" అని ఒకమ్మాయి అడిగింది. "ఎక్కువగా గ్రీజు పెట్టానమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు. పోయిన చలికాలం రిటైరయ్యేదాకా నా చేతులు ఎక్కువగా చేసిన పని అదే.

వాళ్లు వెళ్లాక గిన్నెలు సర్దుతుంటే అనిపించింది, ఈ పని లోపల ఎలా ఉంటుందో ఎవరో ఒకరు తెలుగులో చెప్తే బాగుంటుందని. అందుకే రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, వీసా కాగితాలు ఎలా కుదిరాయి లాంటివి ఇందులో ఉండవు. ఆఫీసుల్లో టెర్మిన్ల కోసం, అంటే అపాయింట్‌మెంట్ల కోసం, ఎలా తిరగాలో నాకంటే మీకే బాగా తెలుసు.

ముందు ఎండ్యూరో అంటే ఏమిటో చెప్పాలి. నున్నటి రోడ్డు మీద గుండ్రంగా తిరిగే రేసు కాదు ఇది. అడవిలో, రాళ్లలో, వాగుల్లో, బురదలో రోజంతా నడిపే పోటీ. దారి పొడుగునా కొన్ని చోట్ల టైమ్ చూసే మజిలీలు ఉంటాయి. చెప్పిన సమయానికి అక్కడికి చేరాలి. మేం ఎక్కువగా వెళ్లిన పోటీల్లో ఇంకో నియమం ఉండేది. దారిలో బండి చెడిపోతే నడిపేవాళ్లే బాగు చేసుకోవాలి. ఇంకొకరి చెయ్యి బండికి తగిలితే వాళ్లు పోటీలో లేనట్టే. కాబట్టి మెకానిక్ పని పోటీ మొదలయ్యేలోపే అయిపోవాలి. తర్వాత మెకానిక్ చేయగలిగింది దారి పక్కన కట్టిన తాడు అవతల నిలబడి చూడటమే.

అలా నిలబడటం రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మొదటి రోజు

మా ఊరు కొత్తగూడెం. డిప్లొమా మెకానికల్ చదివాను. క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. పెళ్లయ్యాక మా ఆయన రవీందర్‌కు కైసర్స్‌లౌటర్న్‌లో లోహాల మీద పరిశోధన చేసే సంస్థలో పని దొరికింది. నేను వెంట వచ్చాను. పాపను కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, వేశాక ఇల్లు ఖాళీ అయిపోయింది. జర్మన్ క్లాసుకు వెళ్లేదాన్ని, వచ్చి గోడల్ని చూస్తూ కూర్చునేదాన్ని.

ఊరి చివర, అడవి మొదలయ్యే చోట, ఒక మోటార్‌సైకిల్ వర్క్‌షాపు ఉండేది. విడిభాగాల కౌంటర్లో మనిషి కావాలని బేకరీ దగ్గర కాగితం అంటించారు. వెళ్లాను. దాని యజమాని రోమర్ గారు. అప్పటికే వయసు యాభై దాటింది. పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవారు. మీసాలు తెల్లబడ్డాయి. మాట తక్కువ, ఉన్న మాట గట్టిగా. నా సర్టిఫికెట్లు ముందు పెడితే వాటి వంక ఒకసారి చూసి పక్కన పెట్టి, "బేరింగుకు గ్రీజు పెట్టడం వచ్చా?" అని అడిగారు.

"వచ్చు" అన్నాను.

లోపలికి తీసుకెళ్లారు. అప్పుడే పెట్టెలోంచి దింపిన ఎండ్యూరో బండి స్టాండు మీద ఉంది. చక్రాలకు ఇంకా దుమ్ము కూడా అంటలేదు. "దీన్ని విప్పండి" అన్నారు.

నా జర్మన్ సరిగా లేక తప్పుగా విన్నానేమో అనుకున్నాను. "ఇది కొత్తది కదా?" అన్నాను.

"కొత్తది కాబట్టే. వెనక చక్రం, దాన్ని మోసే చేయి, సస్పెన్షన్ లింకు, హ్యాండిల్ మెడ, అన్నీ తీసేయండి. లోపల గ్రీజు ఎంతుందో నాకు చూపించండి."

సాయంత్రానికి ఒక్కో బేరింగూ తీసి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాను. కొన్నిట్లో గ్రీజు పల్చటి పొరలా ఉంది. లింకులో ఒకదానికి దాదాపు లేదు. షోరూం నుంచి ఇంటికి, ఇంటి నుంచి షాపుకు తిరిగే బండికి అది చాలేమో. వాగులో దిగి, బురద నీళ్లు తాగే బండికి చాలదు. రెండు పోటీల్లో తుప్పు పడుతుంది, మూడో దాంట్లో బిగుసుకుపోతుంది. నడిపే మనిషికి మాత్రం ఎందుకో వెనక చక్రం తన్నుతోంది అని తప్ప ఏమీ తెలియదు.

రోమర్ గారు వచ్చి ఒక్కో బేరింగూ వేలితో తిప్పి చూశారు. "రేపు బిగించండి" అని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి చెప్తే రవీందర్ అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపాడు. "ఏందీ, కొత్త బండిని విప్పమన్నడా? మళ్ల బిగించనీకె వస్తదా నీకు?"

"రాకపోతే రేపు తెలుస్తది" అన్నాను.

"కౌంటర్ల కూసునే పని అన్నవు గదనే."

నిజమే, నేను వెళ్లింది కౌంటర్ పనికే. ఆ రోజు తర్వాత కౌంటర్లో కూర్చున్న రోజులు చాలా తక్కువ. మర్నాడు బండి బిగించాను. ఏ బోల్టూ మిగల్లేదు. సాయంత్రం పాపను తీసుకురావడానికి కీటాకు వెళ్తే నా ఒళ్లో తల పెట్టి, నా దగ్గర నూనె వాసన వస్తోందని జర్మన్‌లో చెప్పింది. దానికి ఆ వాసన నచ్చింది. నాకూ నచ్చింది.

పనిలో ఏముంటుంది

యూట్యూబ్‌లో మీరు చూసే బండి తయారీ అంతా రంగురంగుల బోల్టులు, మెరిసే సైలెన్సర్లు. వాటిలో సగం అలంకారం. నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి. కొత్త బండి తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగేది ఇంజిన్ బలం పెంచడం గురించి. ఈ కాలపు బండ్లకు ఉన్న బలాన్నే వాళ్లలో చాలామంది వాడుకోలేరు.

మేం చేసేది వేరు. విప్పి గ్రీజు పెట్టడం అయ్యాక, చక్రాల పుల్లలు ఒక్కొక్కటే చూసి బిగిస్తాం. మొదటి సవారీ తర్వాత అవి వదులవుతాయి, మళ్లీ బిగిస్తాం. ఇంజిన్ కింద రాళ్ల దెబ్బలు ఆపే పళ్లెం వేస్తాం, కొమ్మలు తగలకుండా చేతుల ముందు కవచాలు పెడతాం. టైరులో గాలి ట్యూబు తీసేసి నురుగు రబ్బరు చుట్ట పెడతాం, అప్పుడు మేకు దిగినా చక్రం ఆగదు. గాలి ఫిల్టరుకు నూనె పట్టించి, అది తన గూటిలో అన్ని వైపులా ఆనుకుని కూర్చుందా అని వేలితో తడిమి చూస్తాం. ఇసుక ఒకసారి లోపలికి పోతే ఇంజిన్ పని అయిపోయినట్టే.

బ్రేకు, క్లచ్ పిడుల విషయంలో రోమర్ గారు చెప్పింది మొదట్లో నాకు మింగుడు పడలేదు. వాటిని హ్యాండిల్‌కు పూర్తిగా బిగించకూడదు. గట్టిగా తోస్తే తిరిగేంత వదులు ఉంచాలి. బండి కింద పడ్డప్పుడు పిడి తిరుగుతుంది, విరగదు. కాలేజీలో మాకు బిగించడం నేర్పారు గానీ ఎక్కడ వదులుగా వదలాలో నేర్పలేదు.

అన్నిటికంటే పెద్ద పని చివర్లో వస్తుంది. నడిపే మనిషిని హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచి అన్నిటితో బండి మీద కూర్చోబెట్టి, వెనకభాగం ఎంత దిగుతుందో కొలవాలి. ఎక్కువ దిగితే స్ప్రింగు మెత్తనిది, తక్కువ దిగితే గట్టిది. ఆ మనిషి బరువుకు తగ్గ స్ప్రింగు వేయాలి. అప్పటిదాకా అది ఫ్యాక్టరీ బండి. ఆ కొలతతో ఒక మనిషి బండి అవుతుంది.

యోఖెన్ బరువు

యోఖెన్ ఇళ్ల పైకప్పులు వేసేవాడు. కైసర్స్‌లౌటర్న్‌లోనే ఉండేవాడు. భారీ మనిషి, పెద్ద నవ్వు. కొత్త బండి కొని మా దగ్గర వదిలి, "కొలతలకు నాకు టైమ్ లేదు, ఫోన్లో అడగండి" అన్నాడు. ఫోన్లో బరువు అడిగాను. చెప్పాడు. ఆ బరువుకు స్ప్రింగు వేశాను.

మొదటి పోటీ నుంచి కోపంగా వచ్చాడు. బండి వెనక చతికిలబడుతోందట, ముందు చక్రం తేలిపోయి మలుపు తిరగడం లేదట. "ఈ ఆడమనిషికి సస్పెన్షన్ అంటే తెలుసా?" అని రోమర్ గారిని నా ఎదురుగానే అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. యోఖెన్ చెప్పిన బరువు అతని పెళ్లినాటిది అని నాకు చూడగానే తెలిసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

రోమర్ గారు నా వైపు చూసి, చెయ్యి కొంచెం ఎత్తి ఆపారు. లోపలికి వెళ్లి తూకం యంత్రం తెచ్చి నేల మీద పెట్టారు. తన పాత హెల్మెట్ పెట్టుకుని, బూట్లు వేసుకుని, ముందు తనే దాని మీద నిలబడ్డారు. అంకె చూసి గట్టిగా, "అయ్యో దేవుడా" అన్నారు. "బూట్లూ హెల్మెటూ ఇంత బరువుంటాయా? మేం నీ బరువు సామాన్లు లేకుండా లెక్కేశాం యోఖెన్, తప్పు మాదే. నువ్వు కూడా అన్నీ వేసుకుని ఎక్కు."

యోఖెన్ ఎక్కాడు. అంకె ఎవరూ బయటికి చదవలేదు. నేను స్ప్రింగు మార్చాను. ఆ తర్వాత అతని బండి ఎప్పుడూ చతికిలబడలేదు. ఆ వేసవంతా పోటీ నుంచి వస్తూ నాకోసం చెర్రీ పళ్లు తెచ్చేవాడు.

రోమర్ గారు తర్వాత, ఎప్పటిలా నా పేరు ముందు ఫ్రౌ (శ్రీమతి) అని చేర్చి, నాతో ఒకటే అన్నారు. "ఫ్రౌ విజయ, అడగొద్దు. తూచండి. ముందు మీరు ఎక్కండి."

రిటైరయ్యేదాకా అలాగే చేశాను. నా బరువు ఆ చుట్టుపక్కల ఎండ్యూరో వాళ్లందరికీ తెలుసు.

మా బాస్ గురించి ఒక మాట

ఆయన్ని దేవుణ్ని చేయడం నాకిష్టం లేదు. మెచ్చుకోవడం ఆయనకు రాదు. పానా తీసిన చోట పెట్టకపోతే షాపంతా వినబడేలా అరిచేవారు. చివరిదాకా నన్ను "ఫ్రౌ విజయ" అనీ, "మీరు" అనీ పిలిచారు. అందులో మర్యాద ఎంతో, దూరం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి కొన్నేళ్లు నన్ను పోటీలకు తీసుకెళ్లలేదు. నేను తయారు చేసిన బండ్లు వ్యాన్లో ఎక్కేవి, నేను షట్టర్ వేసి ఇంటికి వెళ్లేదాన్ని. సోమవారం అవి బురదతో తిరిగొచ్చేవి. ఏమైందో బండిని చూసి ఊహించుకోవాలి.

ఒక వసంతంలో ఉండబట్టలేక అడిగేశాను. "నన్నెందుకు తీసుకెళ్లరు?"

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "అక్కడి మనుషులు ఎలాంటివాళ్లో నాకు తెలుసు. మీ బండ్లు మంచివి. కానీ చీర దేశం నుంచి వచ్చిన ఆవిడ చేసిందని తెలిస్తే కొందరు మానేస్తారు. షాపుకు దెబ్బ."

"వాళ్లు వద్దంటే నా మొహం మీద అననివ్వండి. మీరు వాళ్ల తరఫున ముందే అనేస్తున్నారు."

నేను ఆ షాపులో ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన గుడ్డను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, "శనివారం ఆరింటికి వ్యాన్ బయల్దేరుతుంది. అన్నం మీరే తెచ్చుకోండి, అక్కడ సాసేజ్ తప్ప ఏమీ దొరకదు" అన్నారు.

పులిహోర కలిపి తీసుకెళ్లాను. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు నిజంగానే మానేశారు. ఒకాయన నన్ను చూసి తన బండి తాళం తిరిగి తీసుకున్నాడు. రోమర్ గారు ఆయన్ని ఆపలేదు, బతిమాలలేదు. ఆ ఖాళీ తర్వాత నిండింది. ఆయన నన్ను వెనక దాచినందుకు నాకు కోపం ఉండేది. అడిగిన రోజున ఒప్పుకుని, నష్టం తన మీద వేసుకున్నందుకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. రెండూ నిజమే. మీకూ ఇలాంటి బాసులు దొరుకుతారు. లోపల ఊహించుకుంటూ కూర్చోకుండా అడగండి.

కాట్రిన్

ఇక చెప్పాలనుకున్న అసలు కథ.

కాట్రిన్ ఆసుపత్రిలో నర్సు, ఐసీయూలో పని. పొట్టి మనిషి, నాకంటే కూడా. కొన్నేళ్లు చిన్న పోటీల్లో పాత బండి నడిపింది. ఒకసారి పడి ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. అతికింది గానీ ముందులా వంగదు, మెలిపెట్టే పనికి బలం లేదు. డ్యూటీకి తిరిగి వెళ్లింది. బండి ఇక వద్దని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆమె కొత్త బండి కొంది.

నేరుగా నా దగ్గరికి తోసుకొచ్చింది. "నేను కాట్రిన్. నువ్వు విజయ కదా? వచ్చే శరదృతువులో ఎర్ట్స్ కొండల్లో పెద్ద పోటీ ఉంది. దాన్ని పూర్తి చేయాలి. గెలవక్కర్లేదు."

ఎండ్యూరో వాళ్లందరూ ఒకరినొకరు నువ్వు అనుకుంటారు. కస్టమర్‌ను నువ్వు అనడం నాకు అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది.

బండి ఎత్తు. ఆమె ఎక్కితే రెండు మునివేళ్లు కూడా నేలకు ఆనలేదు. బండిని బాగా కిందికి దించమంది. నేను సరేనన్నాను. రోమర్ గారు ఒప్పుకోలేదు. "దించితే రాళ్లకు పొట్ట తగులుతుంది. ఎర్ట్స్ కొండల్లో రాళ్లు తప్ప ఏముంది?" అన్నారు. ఇద్దరం వాదించుకున్నాం. చివరికి సీటు లోపలి నురుగు కొంత కోసి, సస్పెన్షన్ కొంచెమే తగ్గించాం. రెండు కాళ్లు ఆనవు, కానీ ఒక పక్కకు జరిగితే ఒక కాలు గట్టిగా ఆనుతుంది. అడవిలో ఆగాలంటే ఒక కాలు చాలు. కాట్రిన్ అలా ఆగడం నేర్చుకుంది.

క్లచ్ పిడిని ఆమె మణికట్టు ఎంత వంగుతుందో అంతకే తిప్పి పెట్టాను. అది మామూలు చోటు కాదు. ఇంకెవరు ఎక్కినా వింతగా ఉంటుంది.

తర్వాత ఒక రోజు ఆమెను వెనక చక్రం తీయమన్నాను. పానా వేసి రెండు చేతులతో లాగింది. ఇరుసు నట్టు కదల్లేదు. మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"ఇది నా వల్ల కాదు" అంది.

అప్పటిదాకా నేను బండిని నాకు తెలిసిన పద్ధతిలో తయారు చేస్తున్నాను. పుస్తకంలో చెప్పినంత బిగింపు, ఎక్కడిదక్కడ సరైన పనిముట్టు. అడవి మధ్యలో ఇది చెడితే దాన్ని విప్పాల్సింది నా చేతులు కావు. ప్లేటు వేసిన ఆ చెయ్యి. ఇంత చిన్న సంగతి అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు.

మళ్లీ మొదటి నుంచి చూశాం. నాలుగైదు రకాల బోల్టు తలలు ఉన్నచోట వీలైనంతవరకు ఒకే రకం వేశాను, సంచిలో తక్కువ పనిముట్లు చాలేలా. మెలిపెట్టి తీయాల్సిన మూతల్ని మార్చాం. ఇరుసు నట్టును మాత్రం వదులుగా వదల్లేం, ప్రాణం దాని మీద ఉంటుంది. దానికి చెయ్యి చాలకపోతే కాలు ఉంది. పానా పిడి వెనక్కి ఉండేలా పెట్టి, బూటుతో దాని మీద నిలబడితే ఒంటి బరువే నట్టును విప్పుతుంది. బిగించేటప్పుడు పిడి ముందుకు.

వేసవంతా సెలవు దొరికిన ప్రతి శనివారం వచ్చేది. చక్రం తీసేది, పెట్టేది, చైను ఊడదీసి ఎక్కించేది. నేను పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. సాయం చేయకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఆమె తప్పు బోల్టు పట్టుకుంటే నా చేతులు వాటంతటవే లేచేవి. చివరికి వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. అది చూసి కాట్రిన్, "ఐసీయూలో రోగులు మొదటిసారి లేచి నడిచేటప్పుడు నేనూ అంతే" అంది.

ఎర్ట్స్ కొండల్లో

పోటీ రోజు ఉదయం నుంచి వాన. చలి. రోమర్ గారు, నేను మధ్యాహ్నపు మజిలీ దగ్గర తాడు వెనక నిలబడ్డాం. ఆయనకు అప్పటికి మోకాళ్ల నొప్పులు, అయినా మడత కుర్చీలో కూర్చోలేదు. ఒక్కొక్కరే వచ్చి వెళ్తున్నారు. కాట్రిన్ వేళ దాటింది.

చివరికి చెట్ల మధ్యలోంచి వచ్చింది. నడుపుతూ కాదు, తోసుకుంటూ. ఏదో కొమ్మ చైనులో దూరి చైను ఊడదీసింది. చైనును సరైన దారిలో ఉంచే భాగం లోపలికి వంగి ఉంది. బండిని పనిచేసుకునే చోటికి తెచ్చి స్టాండు వేసింది. మాకు పదడుగుల దూరంలో ఉంది. హెల్మెట్ తీస్తే పెదాలు నీలంగా ఉన్నాయి.

కొమ్మ ముక్కలు లాగి పారేసింది. వంగిన భాగాన్ని రాయితో కొట్టి నిటారు చేసింది. ఆ పని మేం నేర్పలేదు. ఇక చక్రాన్ని ముందుకు జరిపితేనే చైను ఎక్కుతుంది. దానికి ఇరుసు నట్టు విప్పాలి. పానా పెట్టింది. బూటు ఎత్తి దాని మీద నిలబడింది. కదల్లేదు. ఎగిరి తొక్కింది. కదల్లేదు.

నాకు ఒక్కసారిగా కనిపించింది. పానా పిడి ముందుకు ఉంది. ఆమె తొక్కుతున్న కొద్దీ నట్టు ఇంకా బిగుస్తోంది.

మాట్లాడటం నియమానికి విరుద్ధం కాదు. కానీ చలికో భయానికో నా నోటికి జర్మన్ రాలేదు. "వెనక్కమ్మా! పిడి వెనక్కి పెట్టు! వెనక్కి!" అని తెలుగులో అరిచాను.

కాట్రిన్ తలెత్తి నా వైపు చూసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. రోమర్ గారు కూడా చూశారు. నేను నోరు మూసుకుని, చేత్తో వెనక్కి అన్నట్టు చూపించాను. ఆమెకు నవ్వొచ్చింది. నీలం పెదాలతో నవ్వింది. నవ్వుతూనే పానా తీసి, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి, పిడి వెనక్కి పెట్టి ఎక్కింది. నట్టు కిర్రుమంటూ వదిలింది.

ఆ తర్వాత నేనేమీ చెప్పలేదు. చక్రం ముందుకు, చైను పైకి, చక్రం వెనక్కి, చైను వదులు వేళ్లతో చూసుకోవడం, పిడి ముందుకు, బూటు, బిగింపు. ఎడమ చేతిని ఎక్కడా మెలిపెట్టలేదు. వేసవి శనివారాలన్నీ కళ్ల ముందు కదిలినట్టు అనిపించింది. నా పక్కన రోమర్ గారు తాడును ఎంత గట్టిగా పట్టుకున్నారంటే అవతల కొస దగ్గర నిలబడ్డాయన తన వైపు లాక్కోవాల్సి వచ్చింది.

ఆలస్యానికి శిక్ష పడింది. కానీ పోటీలో ఉంది. మళ్లీ అడవిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ముగింపు దగ్గర ఆమె తరగతిలో దాదాపు అందరూ వచ్చేశాక వచ్చింది. గడువులోపే వచ్చింది. బండి ఆపి, ఒక పక్కకు జరిగి ఒక కాలు ఆన్చి నిలబడింది. దిగడానికి ఓపిక లేదు. నేను దగ్గరికి వెళ్లాను గానీ అప్పటికి అలవాటైపోయి బండిని ముట్టుకోలేదు. అయిపోయింది, ముట్టుకోవచ్చు అని నాకు గుర్తే లేదు.

పక్క జట్టు మెకానిక్ ఒకడు మధ్యాహ్నం నుంచి ఆమెను చూస్తున్నాడేమో, వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఒకే రకం బోల్టు తలలు, వింతగా తిరిగిన క్లచ్ పిడి, కోసిన సీటు, అన్నీ వంగి చూశాడు. "ఇలాంటి తయారీ ఎక్కడా చూడలేదు. ఎవరు నీ మెకానిక్?" అని కాట్రిన్‌ను అడిగాడు.

"నేనే" అంది.

ఆలోచించకుండా అనేసింది. అన్నాక నన్ను చూసి, బురద మొహంలో కళ్లు పెద్దవి చేసి, చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "విజయా, నా ఉద్దేశం అది కాదు..."

నేను దిద్దుకోవద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. అన్నేళ్లు నేను బండ్లు తయారు చేశాను. బాగున్నాయని చాలామంది అన్నారు, కొందరు పళ్లు తెచ్చారు, కొందరు తాళాలు వెనక్కి తీసుకున్నారు. కానీ నేను చేయాల్సిన పని పూర్తిగా చేశానని నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

రోమర్ గారు ఆ మెకానిక్ వైపు తిరిగి, "విన్నావుగా" అన్నారు.